ఇంట్లో ఉన్న సీరియల్ లైట్లని ఫోన్‌తో, మాటతో వెలిగించుకోవడం ఎలా

కార్తీకం మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి అయ్యేదాకా అందరూ అడిగేది ఒకటే, "అండీ, మా ఇంట్లో సీరియల్ సెట్లు బోలెడున్నాయి, వీటిని అలెక్సాకి కలపొచ్చా, లేక స్మార్ట్ లైట్లని అమ్ముతున్నారు కదా అవే కొనుక్కోవాలా" అని. డిసెంబర్ వస్తే ఇంటి ముందు స్టార్ కట్టినవాళ్ళు కూడా ఇదే ప్రశ్న. కొత్తవి కొనక్కర్లేదండి, చాలామటుకు ఉన్నవాటితోనే పనైపోద్ది. కాకపోతే ఎక్కువమంది ముందు స్మార్ట్ ప్లగ్, అంటే వైఫైకి కలిసి ఫోన్‌తో ఆన్ ఆఫ్ అయ్యే ప్లగ్, ఆర్డర్ పెట్టేస్తారు, అది వచ్చాక లైట్లు తగిలిస్తారు, అప్పుడు "ప్లగ్ ఆన్ అవుతుంది గానీ లైట్లు వెలగట్లేదేంటి" అని మళ్ళీ మొదటికొస్తారు. ఏం కొనాలో మీ లైటుని బట్టి ఉంటుంది, కాబట్టి ముందు దాన్ని చూడండి, ఆర్డర్ తర్వాత.

ముందు పీకి పెట్టి చూడండి

లైట్లు మామూలు ప్లగ్గులోనే పెట్టి, మీకు నచ్చిన మోడ్‌లో, అంటే నిలకడగా వెలగడమో మెల్లగా ఆరి వెలగడమో ఏదో ఒకదాంట్లో పెట్టి, గోడ స్విచ్ ఆపేయండి. ఒక నిమిషం ఆగి మళ్ళీ వెయ్యండి. ఇప్పుడు మూడిట్లో ఒకటి జరుగుద్ది:

అదే మోడ్‌లో వెలిగితే మీ పని సులువు, స్మార్ట్ ప్లగ్ ఒక్కటి చాలు.

వెలిగింది గానీ మొదటి మోడ్‌కి వెళ్ళిపోయి టకటకా కొట్టుకుంటోంది అంటే, వైరు మీద మోడ్‌లు మార్చే ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాకి గుర్తుపెట్టుకునే శక్తి లేదు. ప్లగ్‌తో ఆన్ ఆఫ్ వరకు అవుద్ది, మోడ్ మాత్రం రోజూ వెళ్ళి నొక్కాల్సిందే.

అసలు వెలగలేదు, రిమోట్ గానీ బటన్ గానీ నొక్కితేనే వెలుగుతోంది అంటే దీనికి స్మార్ట్ ప్లగ్ పెట్టి లాభం లేదు. రిమోట్‌తో వచ్చే యూఎస్‌బి రాగితీగ లైట్లలో ఇవి ఎక్కువ.

రెండో రకం ఉన్నవాళ్ళు ఒక తెలివైన పని చేద్దామనుకుంటారు, డబ్బా కోసేసి వైర్లు డైరెక్టుగా కలిపేస్తే నిలకడగా వెలుగుద్ది కదా అని. 230 వోల్టుల సెట్‌లో ఆ పని చెయ్యకండి. ఆ డబ్బాలో మోడ్‌లు మార్చే చిప్పే కాకుండా ఏసీని డీసీ చేసే డయోడ్లు కూడా చాలా సెట్లలో అందులోనే ఉంటాయి, అవి తీసేస్తే బల్బులు వణుకుతాయి, లేదా వరసలకి వరసలే పోతాయి. యూఎస్‌బి రాగితీగ వాటిల్లో ఇంకో తిరకాసు ఉంది. కొన్నిట్లో తీగ మీద ఒక బల్బు అటు తిప్పి, పక్కది ఇటు తిప్పి అతికించి ఉంటారు, డబ్బా కరెంటు దిశని గబగబా మారుస్తూ రెండిట్నీ వెలిగిస్తుంది. డబ్బా తీసేసి 5 వోల్టులు నేరుగా ఇస్తే సగం బల్బులే వెలుగుతాయి, అప్పుడు లైట్లు పాడైపోయాయని పారేస్తారు. ఈ గొడవంతా ఎందుకు, డబ్బా లేకుండా నిలకడగా వెలిగే సెట్లే ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతాయి, "మోడ్‌లు లేనిది, స్టడీగా వెలిగేది ఇవ్వండి" అంటే ఇస్తారు. స్మార్ట్ ప్లగ్‌కి అవే చక్కగా కుదురుతాయి.

ఏమేం కావాలి

అందరికీ కావాల్సినవి: 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, 10 యాంపుల స్మార్ట్ ప్లగ్, మంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి, టెస్టర్, ఇన్సులేషన్ టేప్. ఏసీకి వాడే 16 యాంపుల ప్లగ్ ఈ లైట్లకి అక్కర్లేదు. సీలింగ్‌లో 12 వోల్టుల స్ట్రిప్ ఉన్నవాళ్ళకి వైఫై ఎల్‌ఈడి కంట్రోలర్, అంటే స్ట్రిప్‌ని ఫోన్‌తో నడిపించే చిన్న డబ్బా. స్టార్ ఉన్నవాళ్ళకి స్మార్ట్ బల్బు, అంతే. అలెక్సా స్పీకర్ తప్పనిసరి కాదండి, ఫోన్లో యాప్ ఉంటే చాలు, మాటతో చెప్పాలనే సరదా ఉంటేనే స్పీకర్.

స్మార్ట్ ప్లగ్‌తో, వరసగా

1. రౌటర్ పేరు చూస్కోండి. ఈ మధ్య ఫైబర్ రౌటర్లలో 2.4, 5 రెండూ ఒకే పేరుతో వస్తున్నాయి, ప్లగ్గులు మాత్రం దాదాపు అన్నీ 2.4 మీదే పనిచేస్తాయి. కలవకపోతే రౌటర్ సెట్టింగ్స్‌లో రెండిటికీ వేరే పేర్లు పెట్టి ఫోన్‌ని 2.4 దానికి కలపండి. మీ వల్ల కాకపోతే నెట్ అబ్బాయిని పిలిచి "రెండూ విడగొట్టు" అంటే చేసేస్తాడు.

2. మొదటిసారి కలిపేటప్పుడు ప్లగ్‌ని రౌటర్ ఉన్న గదిలోనే పెట్టండి. గేటు దగ్గర పెట్టి కుస్తీ పట్టొద్దు. కలిశాక తీసుకెళ్ళి ఎక్కడ పెట్టినా గుర్తుపెట్టుకుంటుంది.

3. ప్లగ్ మీద బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి, లైటు గబగబా మినుకుతుంది. ఫోన్లో లొకేషన్, బ్లూటూత్ ఆన్ చేసి, మొబైల్ డేటా ఆపేసి, ప్లగ్‌తో పాటు చెప్పిన యాప్‌లో కలపండి. చాలామందికి ఆగిపోయేది ఇక్కడే, దానికి కారణం నూటికి తొంభై పాళ్ళు వైఫై పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం చిన్నక్షరం తేడానే.

4. పేరు పెట్టండి. పొట్టిగా, పలకడానికి తేలిగ్గా ఉండాలి. "ముందు వాకిలి సీరియల్ లైట్లు" అని పెట్టారనుకోండి, స్పీకర్‌కి అది అర్థమయ్యేసరికి తెల్లారిపోద్ది. గేట్, స్టార్, బాల్కనీ, ఇలా ఒక్క మాట. ఫ్యాన్‌కో టీవీకో పెట్టిన పేరు దీనికి మళ్ళీ పెట్టకండి.

5. అలెక్సా యాప్‌లో ఆ ప్లగ్ కంపెనీ స్కిల్ (ఆ కంపెనీ ప్లగ్గుల్ని అలెక్సాకి కలిపేది) ఎనేబుల్ చేసి, ప్లగ్ యాప్‌లో వాడిన అకౌంట్‌తోనే లాగిన్ అవ్వండి. గూగుల్ వాడేవాళ్ళు గూగుల్ హోమ్ యాప్‌లో అదే పని. ఇంట్లో ఒకళ్ళు ఒక అకౌంట్‌తో, ఇంకొకళ్ళు ఇంకో అకౌంట్‌తో కలిపితే ఒకళ్ళ ఫోన్లో కనపడతాయి, ఇంకొకళ్ళకి కనపడవు.

6. ఇప్పుడు లైట్లు తగిలించండి. సెట్లు ఎక్కువుంటే ప్లగ్‌కి ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి, ఆ బాక్స్‌లో ఒక్కో సెట్ ఒక్కో సాకెట్లో. ఒకదాని తోకకి ఇంకోటి, దాని తోకకి ఇంకోటి అలా కలుపుకుంటూ పోవద్దు. 10 యాంపుల ప్లగ్ అంటే 2300 వాట్ల దాకా తట్టుకుంటుంది, ఎల్‌ఈడి సెట్లు ఎన్ని పెట్టినా అందులో మూలకి రావు, నిజమే, కానీ సెట్ వైరు చూడండి ఎంత సన్నగా ఉంటుందో. లోడు ఎక్కువైతే మీ ఎంసీబీ, అంటే మెయిన్ బోర్డులో దానంతటది పడిపోయే స్విచ్, పడేలోపే ఆ వైరు కాలిపోద్ది, ప్లగ్ ఎంత స్మార్ట్ అయినా దాన్ని ఆపలేదు.

7. టూ పిన్ వదులుగా ఉందేమో చూస్కోండి. ఈ సెట్ల పిన్నులు సన్నగా ఉంటాయి, సాకెట్లో ఊగుతాయి, లోపల చిటచిటమని చిన్న శబ్దం వస్తుంది. ఆ శబ్దం వింటే వెంటనే ఆపేసి, గట్టిగా పట్టే టూ పిన్ టాప్ వేయించండి. గంటసేపు వెలిగించాక ఆపేసి, బయటికి లాగి పిన్ను ముట్టుకుని చూడండి, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్ వాడొద్దు.

టైమింగ్స్, కరెంటు పోవడం

యాప్‌లో షెడ్యూల్ పెట్టేటప్పుడు ఆరింటికి అని గడియారం టైము పెట్టకుండా సూర్యాస్తమయం అనే ఆప్షన్ వాడండి. మన గోదావరి జిల్లాల వైపు కార్తీకంలో ఐదున్నరకే పొద్దుగూకిపోద్ది, సంక్రాంతికి పావు తక్కువ ఆరు దాకా ఉంటుంది, జూన్‌లో ఆరున్నర దాటుతుంది. సూర్యాస్తమయానికి పది నిమిషాల తర్వాత అని పెట్టుకుంటే ఏడాదంతా ముట్టుకోనక్కర్లేదు. యాప్‌లో మీ ఊరు లొకేషన్ సరిగ్గా ఉందో లేదో మాత్రం చూడండి, హైదరాబాద్‌లో ఉన్న కొడుకు సెటప్ చేసి ఇచ్చిన ఫోన్లో ఊరు కూడా హైదరాబాదే ఉంటుంది, లైట్లు పది పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెలుగుతాయి.

కరెంటు సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి, ఎక్కువ కంప్లైంట్లు ఇక్కడే. ప్లగ్ సెట్టింగ్స్‌లో కరెంటు వచ్చాక ఏం చెయ్యాలి అనే ఆప్షన్ ఉంటుంది, ఆన్, ఆఫ్, ముందున్న స్థితి. ముందున్న స్థితి పెట్టండి. పండగ సాయంత్రం ఏడింటికి కరెంటు పోయి ఏడుంబావుకి వస్తే లైట్లు వాటంతటవే వెలుగుతాయి. దీనికి ఒక లోటుంది, పది గంటలకి ఆగాలని పెట్టారు, తొమ్మిదిన్నరకి కరెంటు పోయి పదకొండుకి వచ్చింది, పదింటి షెడ్యూల్ తప్పిపోయింది కాబట్టి తెల్లారేదాకా వెలుగుతూనే ఉంటాయి. అందుకని ఆఫ్ షెడ్యూల్ ఒకటి కాకుండా పదికి, పన్నెండుకి, రెండుకి మూడు పెట్టేయండి. ఆగిపోయినదాన్ని మళ్ళీ ఆపమంటే పోయేదేం లేదు కదా.

రౌటర్ ఇన్వర్టర్ లైన్ మీద ఉంటే మంచిది. కరెంటు వచ్చాక రౌటర్ లేచి నెట్ పట్టుకోడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఆలోపు ప్లగ్ యాప్‌లో ఆఫ్‌లైన్ అని చూపించడం మామూలే, కంగారుపడి రీసెట్ కొట్టేయకండి. నెట్ లేకపోయినా ప్లగ్ మీదున్న బటన్ పనిచేస్తుంది, ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ బటన్ ఎక్కడుందో చూపించి పెట్టండి.

స్టార్లకి

స్టార్‌లో హోల్డర్ ఉంటుంది కాబట్టి ఇది అన్నిట్లోకీ తేలిక. మామూలు బల్బు తీసేసి, అదే బి22 పిన్ను ఉన్న 9 వాట్ల స్మార్ట్ బల్బు పెట్టండి, రంగులు కూడా మార్చుకోవచ్చు. గోడ స్విచ్ మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి, ఎవరో అలవాటుగా ఆపేస్తే ఫోన్లో బల్బు కనపడదు. ఇంకోటి, స్మార్ట్ బల్బుల్ని మూడు నాలుగు సార్లు గబగబా ఆపి వేస్తే కొత్తగా కలుపుకునే మోడ్‌లోకి వెళ్ళిపోతాయి. మన దగ్గర గాలివానకి కరెంటు టపటపా వచ్చిపోతుంటే అదే జరుగుద్ది, మర్నాడు చూస్తే బల్బు తనంతట తాను మినుకుతూ ఉంటుంది. పాడవ్వలేదు, మళ్ళీ యాప్‌లో కలుపుకోండి. కాగితం స్టార్ అయితే ఎల్‌ఈడి బల్బే పెట్టండి, పాత ఫిలమెంటు బల్బు వేడికి కాగితం మాడుతుంది.

సీలింగ్‌లో ఉన్న స్ట్రిప్ లైట్లకి

ముందు అది 12 వోల్టులదా, 230 వోల్టులదా తేల్చండి. రెండూ చూట్టానికి ఒకలాగే ఉంటాయి. అడాప్టర్ గానీ జాలీ డబ్బాలాంటి పవర్ సప్లై గానీ ఉండి, దాని మీద 12వి అని ఉంటే 12 వోల్టులది. మందంగా ప్లాస్టిక్ తొడుగుతో, మీటర్ల లెక్కన కోసి ఇచ్చి, చివర చిన్న పిన్నుతో నేరుగా గోడ ప్లగ్గులో పెట్టేది 230 వోల్టులది. దానికి వైఫై కంట్రోలర్ పెట్టకూడదు, స్మార్ట్ ప్లగ్ ఒక్కటే దారి.

12 వోల్టుల రంగుల స్ట్రిప్ అయితే ఇలా:

1. మెయిన్ ఆపేసి పాత రిమోట్ డబ్బా విప్పండి. స్ట్రిప్ నుంచి నాలుగు వైర్లు వస్తాయి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఇంకోటి నలుపో తెలుపో. ఆ నలుపుని మైనస్ అనుకోవద్దు! ఈ స్ట్రిప్పుల్లో చాలామటుకు అదే ప్లస్ 12. ఎర్ర వైరు ఎర్ర రంగు తాలూకు మైనస్. స్ట్రిప్ మీద +12వి అని రాసుంటుంది, దాని నుంచి ఏ వైరు వస్తోందో కళ్ళతో చూసి నమ్మండి.

2. కొత్త వైఫై కంట్రోలర్ కనెక్టర్ మీద బాణం గుర్తు ఉంటుంది, ఆ బాణం ప్లస్ వైరు వైపు రావాలి. తిరగబడితే లైట్లు వెలగవు, అంతకంటే పెద్ద నష్టం లేదు, తీసి తిప్పి పెట్టండి.

3. అడాప్టర్ సరిపోద్దో లేదో లెక్క చూడండి. మీటరుకి 60 పెద్ద బల్బులుండే 5050 స్ట్రిప్ మీటరుకి 14.4 వాట్లు తాగుతుంది, ఐదు మీటర్లకి 72 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 6 యాంపులు. సన్న బల్బుల 2835 అయితే మీటరుకి 60 ఉన్నది 4.8 వాట్లే, ఐదు మీటర్లకి 2 యాంపులు చాలు. లెక్కొచ్చినదానికి ఐదో వంతు కలిపి అడాప్టర్ తీసుకోండి. ప్యాక్‌తో వచ్చే అడాప్టర్ చాలాసార్లు చిన్నది ఉంటుంది, అన్ని రంగులూ కలిపి తెలుపు పెట్టగానే లైట్లు ఆరి వెలుగుతుంటే అనుమానించాల్సింది దాన్నే.

4. అడాప్టర్ వేసి ప్లగ్ కలిపినట్టే కంట్రోలర్‌ని యాప్‌లో కలపండి. ఎరుపు పెడితే పచ్చ వెలిగిందనుకోండి, వైర్లు ఊడదీయక్కర్లేదు, చాలా యాప్‌లలో రంగుల వరస మార్చే ఆప్షన్ ఉంటుంది.

5. తెలుపు పెట్టి మొదటి బల్బు, చివరి బల్బు పక్కపక్కన పోల్చి చూడండి. చివర మసగ్గా, ఎర్రగా తిరిగితే అక్కడిదాకా వోల్టేజ్ చేరట్లేదు. స్ట్రిప్ చివరికి కూడా కంట్రోలర్ నుంచే ఇంకో నాలుగు వైర్లు లాగి, ఏ రంగు వైరు ఆ రంగుకి ఇస్తే సరిపోద్ది.

కంట్రోలర్‌ని ఫాల్స్ సీలింగ్ లోపల అల్యూమినియం ప్రొఫైల్‌కి ఆనించి మూసేయకండి. రేకు వైఫైని అడ్డుకుంటుంది, పైగా పాడైతే తీయడానికి సీలింగ్ కొయ్యాలి.

ఒక్కో బల్బు ఒక్కో రంగులో పరిగెత్తే పిక్సెల్ స్ట్రిప్, అంటే డబ్ల్యూఎస్2812బి లాంటిది మీ దగ్గరుంటే, సోల్డరింగ్ వచ్చినవాళ్ళు ఈఎస్‌పి32 అనే చిన్న వైఫై బోర్డు కొని అందులో డబ్ల్యూఎల్ఈడి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి, కంప్యూటర్లో క్రోమ్ నుంచే ఎక్కిపోద్ది. మూడే గుర్తుపెట్టుకోండి: బోర్డు గ్రౌండ్ (మైనస్), స్ట్రిప్ గ్రౌండ్ రెండూ కలవాలి, లేకపోతే రంగులు పిచ్చిపిచ్చిగా గెంతుతాయి. డేటా వైరు స్ట్రిప్ మీద బాణం మొదలయ్యే వైపే ఇవ్వాలి. పూర్తి తెలుపులో ఒక్కో బల్బు 60 మిల్లీయాంపుల దాకా తీసుకుంటుంది, 60 బల్బులకి 3.6 యాంపులు, అందుకని సాఫ్ట్‌వేర్‌లో కరెంటు పరిమితి మీ పవర్ సప్లైకి తగ్గట్టు పెట్టండి. సోల్డరింగ్ రాని వాళ్ళు దీని జోలికి వెళ్ళకండి, మొదటి ప్లగ్ పద్ధతిలోనే పండగ బాగా జరుగుద్ది.

బయట కట్టేవాళ్ళకి

స్మార్ట్ ప్లగ్, అడాప్టర్, ఎక్స్‌టెన్షన్ బాక్స్, ఏవీ బయట ఉండకూడదు. హాల్లో కిటికీ దగ్గర పెట్టి వైరు మాత్రం బయటికి తియ్యండి. బయట్నుంచి లోపలికి వచ్చే చోట వైరు కిందకి ఒక వంక తిరిగి పైకెక్కేలా పెట్టండి, వాన నీళ్ళు వైరు పట్టుకుని జారి ఆ వంక దగ్గరే కారిపోతాయి, సాకెట్ దాకా రావు. ప్యాకెట్ మీద ఐపి65 అని ఉంటే చినుకులకి ఓర్చుకుంటుంది, అంతేగానీ తులసి కోట చుట్టూ నీళ్ళు నిలిచే చోట నేల మీద పరవడానికి కాదు.

అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం వైపు ఉప్పుగాలికి జాయింట్లు ఒక్క సీజన్‌లోనే పచ్చగా చిలుం పడతాయి, బయట జాయింట్లకి టేప్ ఒక్కటే చుడితే లాభం లేదు, వేడికి ముడుచుకుని వైరుని బిగించి పట్టే హీట్ ష్రింక్ ట్యూబ్ వేయించండి. కొబ్బరి చెట్టుకి చుట్టేవాళ్ళు మేకులు కొట్టి వైరు నొక్కేయకండి, మట్ట పడితే తెగిపోయేంత బిగువుగా కూడా చుట్టొద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో చీమలు, బల్లులు చేరడం మనకి మామూలే, వాడని సాకెట్లకి టేప్ అతికించండి. ఇంటికి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, లేకపోతే మాత్రం బయట 230 వోల్టుల సెట్లు కట్టే ముందు ఎలక్ట్రీషియన్‌తో అది పెట్టించండి, స్మార్ట్ ప్లగ్ కన్నా ముందు కొనాల్సింది అదేనని నా అభిప్రాయం. పిల్లలు పిట్టగోడ దగ్గర తడి చేతుల్తో పట్టుకునేది ఆ వైర్లనే.

భీమవరం, ఆకివీడు వైపు నుంచి ఇదే ప్లగ్ చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్‌కి పెట్టొచ్చా అని అడుగుతున్నారు. వద్దండి. మోటారు స్టార్టింగ్‌లో లాగే కరెంటుకి ప్లగ్ లోపల కరెంటుని కలిపి విడగొట్టే రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఆఫ్ చేసినా ఆగదు, లేదా కాలిపోయి అసలు ఆన్ అవ్వదు. దానికి స్టార్టర్, కాంటాక్టర్ వేరే ఉంటాయి. సీరియల్ లైట్లని ఫ్యాన్ రెగ్యులేటర్‌కో స్మార్ట్ డిమ్మర్‌కో కలపడం కూడా అంతే తప్పు.

పనైందో లేదో చూస్కోవడం

పండగ రోజు సాయంత్రం కాదు, రెండ్రోజుల ముందే చూడండి. ఫోన్లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద ఆన్ ఆఫ్ చెయ్యండి, పనిచేస్తే ఊళ్ళో లేకపోయినా పనిచేస్తుంది. లైట్లు వెలుగుతుండగా మెయిన్ ఎంసీబీ దించి, ఐదు నిమిషాలాగి ఎత్తండి, అవంతట అవే వెలగాలి. ఐదు నిమిషాల తర్వాతకి ఒక ఆఫ్ షెడ్యూల్ పెట్టి, ఫోన్ పక్కన పడేసి, అది ఆగుతుందో లేదో చూడండి. ఆన్ అని యాప్ చెప్తున్నా లైట్లు రాకపోతే, ప్లగ్‌లో సెట్ తీసి ఫోన్ చార్జర్ పెట్టండి, చార్జింగ్ ఎక్కితే ప్లగ్ బాగుంది, లోపం లైట్లలో ఉంది. గేటు దగ్గర ప్లగ్ మాటిమాటికీ ఆఫ్‌లైన్ అవుతుంటే అదే చోట ఫోన్ పట్టుకుని వైఫై ఎన్ని గీతలు చూపిస్తుందో చూడండి, పాత మండువా ఇళ్ళ మందపాటి గోడలు రెండు దాటేసరికి సిగ్నల్ చచ్చిపోద్ది, ఒకటే గీత ఉంటే ప్లగ్ మార్చి లాభం లేదు, రౌటర్‌ని హాల్లోకి జరపండి.

పండగయ్యాక లైట్లు విప్పేస్తారు కదా, అప్పుడు యాప్‌లో షెడ్యూళ్ళు కూడా ఆపేయండి. ఆ ప్లగ్‌ని తీసుకెళ్ళి దోమల మిషన్‌కో ఇస్త్రీ పెట్టెకో పెడతారు, రోజూ పొద్దుగూకగానే అది దానంతటది ఆన్ అవుద్ది.